ఎండ మనది, మీటరు ఎవరిది?

ఇప్పుడు ఎక్కడ విన్నా సోలారు మాటే. రైతు కరెంటు పండిస్తాడంట. ఇంటి కప్పు మీద పలకలు పెట్టుకుంటే బిల్లు కట్టే పని లేదంట, మిగిలిన కరెంటు అమ్ముకోవచ్చునంట. బీడు భూమి బంగారమైపోతుందంట. మంత్రులు చెప్తున్నారు, కలెక్టర్లు చెప్తున్నారు, పత్రికలు రంగుల బొమ్మలేసి చెప్తున్నాయి. వినడానికి బాగానే ఉంది, కాదనాల్సిన పని లేదు. కానీ ఏ పథకం ఊర్లోకి వచ్చినా దళితుడు మొదట అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. ఇది ఎవరి భూమి మీద నిలబడుతుంది? కాగితం ఎవరి పేరు మీద ఉంటుంది? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? ఈ మూడూ అడగకుండా చప్పట్లు కొడితే, హరిత విప్లవం నాడు మనకేం మిగిలిందో సోలారు విప్లవం నాడూ అదే మిగులుతుంది.

ఎండ గురించి మనకు ఒకరు పాఠం చెప్పనక్కర్లేదు. నాట్లు, కలుపు, కోత, మట్టి పని, రాళ్ళు కొట్టే పని, ఉపాధి హామీ పని - ఈ ఎండలో వంగిన వీపులు ఎవరివో లెక్కలు తీయకుండానే చెప్పొచ్చు. తరతరాలు ఎండకు నల్లబడింది మనం. ఇప్పుడు ఆ ఎండకు ధర వచ్చింది. యూనిట్‌కు ఇన్ని రూపాయలని రేటు కట్టారు. రేటు కట్టిన నాటి నుంచి ఎండ కూడా భూమి ఉన్నోడి సొత్తు అయిపోతా ఉంది. మన దేశంలో సాగు కమతాల్లో దళితులవి సుమారు 12 శాతం, వాళ్ళ కింద ఉన్న భూమి 9 శాతం లోపు. ఇది 2015-16 వ్యవసాయ గణన చెప్పిన మాట. భూమిని బట్టి ఎండ పంచితే మన వాటా ఎంతో వేరే చెప్పాలా?

తిరుచానూరు వాళ్ళకు, తిరుపతి వాళ్ళకు సోలారు కొత్త ముచ్చట కాదు. 2002లోనే తిరుమల కొండ మీద అన్నదానం వంటశాలకు వంద పైచిలుకు పెద్ద పెద్ద అద్దాల గొడుగులు బిగించారు. ఎండను ఒకచోటికి మళ్ళించి, నీళ్ళను ఆవిరి చేసి, ఆ ఆవిరితో రోజుకు సుమారు 15 వేల మందికి వండే ఏర్పాటు అది. ప్రపంచంలోనే పెద్ద సోలారు వంటశాలల్లో ఒకటని అప్పట్లో గొప్పగా రాశారు. దేవస్థానానికి పెట్టుబడి ఉంది, స్థలం ఉంది, కాబట్టి పని జరిగింది. అదే ఎండ కొండ కింద ఉన్న ఆది ఆంధ్ర వాడల మీద కూడా కాసింది. పెట్టుబడీ లేదు, స్థలమూ లేదు, కాబట్టి వడదెబ్బ మిగిలింది. ఎండ అందరికీ సమానమే. ఎండను పట్టుకునే పనిముట్టు సమానం కాదు.

బాబాసాహెబ్ ఈ సంగతి ఎనభై ఏళ్ళ కిందటే తెలుసుకున్నాడు. మనం ఆయనను రాజ్యాంగం పుస్తకం పట్టుకున్న విగ్రహంగానే చూస్తాం. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో ఆయన కార్మిక శాఖ సభ్యుడు. సాగునీరు, విద్యుత్తు కూడా ఆ శాఖ కిందే ఉండేవి. 1943 అక్టోబరులో కరెంటు అభివృద్ధి మీద ఏర్పాటైన కమిటీ ముందు ఆయన చేసిన వాదన సారం ఇది: చౌకగా, పుష్కలంగా కరెంటు లేకుండా పరిశ్రమలు రావు, పరిశ్రమలు రాకుండా భూమి మీద పడ్డ జనం బరువు తగ్గదు, పేదరికం పోదు. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు ఆయన హయాంలోనే పుట్టింది. 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో భూమి, కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలన్నాడు. కులాన్ని బట్టి కాకుండా జనానికి భూమిని సాగుకివ్వాలన్నాడు. అంటే కరెంటు ఎంత తయారైంది అనేదొక్కటే ఆయన ప్రశ్న కాదు. అది ఎవరి చేతిలో ఉంది అనేది కూడా ఆయన ప్రశ్నే. ఈనాడు మనం అడగాల్సిందీ అదే.

కొంచెం లెక్క చూద్దాం. లెక్కలంటే భయపడొద్దు, మనల్ని ముంచేది లెక్కల్లోనే. ఒక మెగావాటు సోలారుకు నాలుగైదు ఎకరాలు కావాలి. మన రాయలసీమ ఎండకు ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కు మూడు రూపాయలే వేసుకుందాం. ఏడాదికి 45 లక్షలు. మన రాష్ట్రంలో భూమి లీజుకిస్తే ఎకరాకు ఏడాదికి 30 వేలు, 31 వేలు అని ప్రభుత్వాలు చెప్పుకుంటూ వచ్చాయి. ఐదెకరాలకు 31 వేల చొప్పున వేసినా లక్షా యాభై ఐదు వేలు. నలభై ఐదు లక్షల్లో ఒకటిన్నర లక్ష! నూటికి మూడున్నర రూపాయలు కూడా కాదు. కంపెనీ వాడు మెగావాటుకు దగ్గర దగ్గర నాలుగు కోట్లు పెట్టుబడి పెట్టాలి, అప్పు తీర్చాలి, వడ్డీ కట్టాలి, నిజమే. కానీ ఆ అప్పు ఏనాటికైనా తీరిపోతుంది, పలకలు పాతికేళ్ళు పని చేస్తాయి. అప్పు తీరిన తర్వాత వచ్చేదంతా ఎవరిది? లీజు కాగితంలో రైతుకు ఆ లాభంలో వాటా అనే మాట ఉండదు.

ఆ లీజన్నా ఎవరికి అందుతుంది? దీనికి జవాబు మన పొరుగునే ఉంది. అనంతపురం జిల్లాను ఆనుకుని కర్ణాటకలో పావగడ ఉంది. సగం తెలుగు మాట్లాడే తాలూకా అది. కరువు సీమ. అక్కడ దగ్గర దగ్గర 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలారు పార్కు కట్టారు, 2019 చివరికి పూర్తయింది. భూమి కొనలేదు, రైతుల దగ్గర లీజుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్ళకొకసారి ఐదు శాతం పెంపు. వాన రాని నేలకు అది మంచి బేరమే అని చాలామంది రైతులు సంతోషపడ్డారు. నేను వాళ్ళను తప్పు పట్టను. పదెకరాలు ఉన్నోడికి ఏడాదికి రెండు లక్షలు ఇంట్లో కూర్చుంటే వస్తుంది. మరి ఆ పదెకరాల్లో వేరుశనక్కాయలు పెరికినోళ్ళు, కలుపు తీసినోళ్ళు ఎవరు? భూమి లేని మాలమాదిగలు. లీజు కాగితంలో వాళ్ళ పేరు లేదు. చేను పోయింది, చేనుతో పాటు కూలీ పోయింది. గొర్రెలు, మేకలు మేపుకునే వాళ్ళకు మేత పోయింది. వాళ్ళకు మిగిలింది పలకలు తుడిచే పని, గడ్డి కోసే పని, కాపలా పని. అది కూడా అందరికీ కాదు, కొందరికి. లీజు ఆదాయం భూమి ఉన్నోడిని ఒక మెట్టు పైకి ఎక్కించింది, లేనోడిని ఒక మెట్టు కిందికి తోసింది. దీన్నే 'గ్రామీణ ఆదాయం పెరిగింది' అని రాస్తారు. సగటు తీస్తే పెరిగే ఉంటుంది. సగటులో మన వాడ కనపడదు.

ఇక మన రాష్ట్రంలో చూడండి. నంబులపూలకుంటలో సోలారు పార్కు వచ్చింది, తొలి విడత 250 మెగావాట్లు 2016లో మొదలయింది. గాలివీడులో వచ్చింది. కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల పార్కు ఆరు వేల ఎకరాలకు కొంచెం తక్కువ జాగాలో 2017లో పూర్తయింది. పార్కులకు 'బంజరు', 'పనికిరాని భూమి' చూసి పెడతారంట. ఎవరికి పనికిరాని భూమి? ప్రభుత్వం బంజరు అని రాసుకున్న చోట మనోళ్ళు ముప్పై నలభై ఏళ్ళుగా కంది, ఉలవ, వేరుశనగ వేసుకుంటున్నారు. చాలామంది చేతిలో పట్టా లేదు. ఉన్నవాళ్ళది డీకేటీ పట్టా. ఇట్లాంటి చోట్ల పట్టా భూమి రైతుకు ఒక లెక్క, డీకేటీ రైతుకు ఒక లెక్క, కాగితం లేకుండా సాగు చేసుకునేవాడికి అసలు లెక్కే లేదు.

డీకేటీ భూమి అంటే ఎవరో దయ తలిచి వేసిన భిక్షం కాదు. దీనికి చరిత్ర ఉంది. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ అంటరానివారి బతుకు మీద రాసిన నివేదిక తర్వాత, 1892లో మద్రాసు ప్రభుత్వం వాళ్ళకు భూములిచ్చే ఉత్తర్వు తెచ్చింది. మన చిత్తూరు సీమ అప్పుడు మద్రాసు రాజధానిలోదే. ఇచ్చిన భూమి పై కులాల చేతికి పోకూడదని అప్పుడే షరతు పెట్టారు. అదే ఆలోచనతో 1977లో ఆంధ్రప్రదేశ్‌లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం ఒక గొప్ప మాట చెప్పింది: ప్రజా అవసరానికి ప్రభుత్వం అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టా భూమి యజమానితో సమానంగా మార్కెట్ విలువ కట్టి ఇవ్వాలి. ఈ తీర్పు మన ప్రతి వాడలో గోడ మీద రాసి పెట్టుకోదగింది. మన దగ్గరికి సంతకాలకొచ్చే వాళ్ళెవరూ ఈ ముక్క చెప్పరు.

2023లో చట్టం మళ్ళీ సవరించి, ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూమి మీద అమ్ముకునే హక్కు కూడా ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారినాక, అవకతవకలు జరిగాయని ఆ ఫ్రీహోల్డు భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. హక్కు రావడం మంచిదే. కానీ సోలారు కంపెనీ ఊరి పొలిమేరలో నిలబడి ఉన్నప్పుడు అమ్ముకునే హక్కు చేతికొస్తే ఏమవుతుందో ఆలోచించండి. అప్పు కోసమో, ఆస్పత్రి కోసమో, ఆడబిడ్డ పెళ్ళి కోసమో ఎకరా అమ్ముకుంటాం. డబ్బు ఏడాదిలో కరిగిపోతుంది. ఆ ఎకరా మీద ఎండ పాతికేళ్ళు ఇంకొకరికి కాస్తుంది.

టీచరు పని చేసేవాడి దగ్గరికి వాడలో జనం కాగితాలు తీసుకొస్తారు. ఒకాయన వచ్చి, "సార్, మా డీకేటీ కయ్యకు సోలారోళ్ళు సంతకం అడగతా ఉండారు, పెట్టేదా?" అని ఒక కట్ట చేతిలో పెట్టాడు. అంతా ఇంగ్లీషు. వేలిముద్ర వేసే చోట మాత్రం తెలుగులో 'ఇక్కడ' అని పెన్సిలుతో రాసి ఉంది. చదివితే తేలిందేమిటంటే, కంపెనీ ఆ భూమి మీద తన హక్కును ఇంకొక కంపెనీకి మార్చుకోవచ్చు, బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు, మధ్యలో మానేసి పోవచ్చు. రైతు మాత్రం మధ్యలో మానకూడదు. పాతికేళ్ళ తర్వాత పలకలు, సిమెంటు దిమ్మెలు ఎవరు పీకాలో ఒక్క ముక్క లేదు. తన కయ్య గురించి తాను చదవలేని భాషలో పాతికేళ్ళ ఒప్పందం! ఆయన సంతకం పెట్టలేదు. కానీ చదివి చెప్పేవాడు ప్రతి వాడలో ఉంటాడా?

భూమి అమ్మకుండా, లీజుకివ్వకుండా, రైతే సొంతంగా పెట్టుకోవచ్చు కదా అంటారు. దానికే 2019లో కేంద్రం కుసుమ్ పథకం తెచ్చింది. అందులో ఒక భాగం, రైతులు తమ భూమిలో 500 కిలోవాట్ల నుంచి రెండు మెగావాట్ల దాకా పెట్టుకుని కరెంటు డిస్కంకు అమ్ముకోవడం. ఒక్క రైతే కాదు, రైతుల సంఘం, సహకార సంఘం, పంచాయతీ కూడా పెట్టుకోవచ్చు. చాలా మంచి మాట. పెట్టుబడి మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. నాలుగు కోట్లు! మన వాడ మొత్తం తాకట్టు పెట్టినా నాలుగు కోట్లు రావు. అందుకే పేరు రైతుది, ప్లాంటు కాంట్రాక్టరుది అవుతుంది.

రెండో భాగం సోలారు పంపులు. ఖర్చులో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, రైతు 40 శాతం. పంపు మూడు లక్షలు అనుకుంటే రైతు వాటా లక్షా ఇరవై వేలు. ఒక ఎకరా మెట్ట ఉన్న మాదిగ రైతు లక్షా ఇరవై వేలు ఎక్కడ తెస్తాడు? పైగా సబ్సిడీ ఏడున్నర హార్స్‌పవరు దాకానే. మన చిత్తూరు సీమలో బోర్లు ఆరేడు వందల అడుగులు, కొన్ని చోట్ల వెయ్యి అడుగులు దిగినాయి. అంత లోతు నుంచి చిన్న సోలారు పంపు చెంబెడు నీళ్ళు తోడుతుంది గానీ మడి తడవదు. ముందు బోరుండాలి, బోరులో నీళ్ళుండాలి, ఆ తర్వాత కదా పంపు! 2011లో ఇందిర జలప్రభ పేరుతో ఎస్సీ, ఎస్టీల భూములకే బోర్లు వేసే పథకం వచ్చింది. తర్వాత 2020లో వచ్చిన వైఎస్సార్ జలకళలో ఒకేచోట రెండున్నర ఎకరాలుండాలని నిబంధన పెట్టారు, లేనోళ్ళు గుంపుగా రమ్మన్నారు. మన వాళ్ళకు ఎకరా, ఎకరన్నర, అది కూడా రెండు చోట్ల. నిబంధన రాసేవాడి కళ్ళ ముందు ఎప్పుడూ పెద్ద రైతే ఉంటాడు.

ఇంటి కప్పు సంగతికొద్దాం. 2024లో కేంద్రం సూర్యఘర్ పథకం తెచ్చింది. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు రెండు కిలోవాట్లు పూర్తి ఉచితంగా పెడతామన్నారు. 2025 జనవరిలో కుప్పం పక్కన నడిమూరులో ముఖ్యమంత్రి దీన్ని ప్రారంభించారు. తీసుకుందాం, తప్పక తీసుకుందాం. కానీ లెక్క తెలిసి తీసుకుందాం. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితమనే రాయితీ 2019 నుంచి ఉంది. ఆ రాయితీ అందుకునే ఇంటికి బిల్లు తగ్గడమనేది లాభం కాదు, కట్టేదే లేదు కాబట్టి. రెండు కిలోవాట్ల పలక నెలకు సుమారు 240 యూనిట్లు ఇస్తుంది. మన ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీకి 80 యూనిట్లు అయితే మిగతా 160 యూనిట్లు తీగల్లోకి పోతాయి. ఆ 160 యూనిట్ల డబ్బు మన ఖాతాలో పడితే అది ఆదాయం. పడకపోతే మన కప్పు ప్రభుత్వానికి ఉచితంగా ఇచ్చినట్టు, మనకిచ్చే సబ్సిడీ వాళ్ళకు మిగిలినట్టు. పలక బిగించే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే. ఇంకొకటి, రెండు కిలోవాట్లకు దగ్గర దగ్గర 200 చదరపు అడుగుల గట్టి కప్పు కావాలి. రేకుల ఇల్లు, బోద కొట్టం, పగుళ్ళిచ్చిన కాలనీ మిద్దె ఉన్నవాళ్ళ సంగతేమిటి? ఒకే మీటరు కింద మూడు కుటుంబాలున్న చోట పలక ఎవరిది?

మనలోనే కొందరు అన్నలు అంటున్నారు - ఇదంతా కంపెనీల నాటకం, మనకు కావాల్సింది భూమి, ఈ పలకల గొడవ మనకెందుకు అని. భూమి కావాలనేది నిజం. ఆ పోరాటం వదిలేది లేదు. కానీ భూమి వచ్చేదాకా చదువు వద్దని అన్నామా? ఉద్యోగాలు వద్దని అన్నామా? బస్సు వచ్చినప్పుడు, మోటారు వచ్చినప్పుడు, సెల్‌ఫోన్ వచ్చినప్పుడు మనం ఆఖర్న నిలబడ్డాం. ఈసారి కూడా ఆఖర్న నిలబడితే పాతికేళ్ళ ఒప్పందాలు అయిపోయి ఉంటాయి. పాతికేళ్ళంటే ఒక తరం.

కాబట్టి ఏం చెయ్యాలి? గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండి అనే ఊర్లో 2016లో ఆరుగురు రైతులు కలిసి సోలారు పంపుల సహకార సంఘం పెట్టుకున్నారు. తోడుకున్నంత తోడుకుని మిగిలిన కరెంటును డిస్కంకు అమ్మారు, యూనిట్‌కు 4 రూపాయల 63 పైసలు, పాతికేళ్ళ ఒప్పందం. కరెంటుకు డబ్బొస్తుంటే నీళ్ళు వృథాగా తోడే పని తగ్గుతుంది. కరువు సీమకు ఇది రెండు రకాల మేలు. వాళ్ళు భూమి ఉన్న రైతులు, మన పరిస్థితి వేరు. అయినా దారి అదే: విడివిడిగా ఎకరా, కలిస్తే ఐదెకరాలు. పక్కపక్కనే ఉన్న డీకేటీ పట్టాదార్లు సంఘం కడితే ఒక మెగావాటుకు భూమి ఉన్నట్టే. భూమి మన పేరు మీదే ఉంటుంది, ప్లాంటు సంఘం పేరు మీద ఉంటుంది.

పెట్టుబడి ఎక్కడిది అంటారు. ఉంది. 2013లో ఎస్సీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది, 2023లో దాని గడువు ఇంకో పదేళ్ళు పెంచారు. ఆ డబ్బు మన జనాభా లెక్కన మన కోసం తీసి పెట్టాల్సిన డబ్బు. అందరికీ ఇచ్చే పథకాలకు అది మళ్ళిస్తా ఉంటే చూస్తా ఊరుకున్నాం. ఆ నిధి నుంచి పంపుల్లో రైతు వాటా 40 శాతం, ప్లాంట్లలో మూలధనం వాటా ఇవ్వాలని అడుగుదాం. ఎస్సీ కార్పొరేషన్ అప్పుకు పూచీగా నిలబడాలి. 2021 డిసెంబరులో మన రాష్ట్రం రైతుల పగటి కరెంటు కోసం 7,000 మెగావాట్లు కొనే ఒప్పందం చేసుకుంది, యూనిట్ 2 రూపాయల 49 పైసలు, పాతికేళ్ళు. అది రాజస్థాన్‌లో తయారై రావాల్సిన కరెంటు. పెద్ద కంపెనీలకు పాతికేళ్ళ మాట ఇవ్వగలిగిన ప్రభుత్వం, పక్క సబ్‌స్టేషనుకు కరెంటు పోసే మాలమాదిగ సంఘానికి ఎందుకు ఇవ్వలేదు?

భూమి లేనోళ్ళను మరిచిపోతే మనం కూడా పావగడే చేసినట్టు. ఎకరా ఉన్న మాల, ఎకరా లేని మాదిగ, యానాది - ఈ తేడా మన మధ్య కూడా ఉంది, దాచుకోవద్దు. సంఘంలో కూలీ కుటుంబాలకు వాటా ఉండాలి. పలకలు ఎత్తుగా కట్టి కింద ఆకుకూర వెయ్యనియ్యాలి, గొర్రెలు మేపుకోనియ్యాలి. పలక ఒక్కటే ఆదాయం కాదు, పలక నడిపించే పని కూడా ఆదాయమే. కర్నూలు వైపు ఆడవాళ్ళ సంఘాలు టమాటా, ఉల్లి ముక్కలు సోలారు డ్రయ్యర్లలో ఎండబెట్టి అమ్ముతున్నాయి. మదనపల్లెలో టమాటా రోడ్డు మీద పారబోసే రోజులు ఏటా వస్తాయి, తోతాపురి మామిడికి 2025లో ఏం గతి పట్టిందో చూశాం. ఆ డ్రయ్యరు మన ఆడవాళ్ళ చేతిలో ఎందుకుండకూడదు? కుట్టు మిషను, పిండి మిల్లు, పలమనేరు వైపు పట్టు దారం తీసే మిషను - ఇవన్నీ సోలారు మీద నడిచేవే. రాజస్థాన్ తిలోనియాలో అక్షరం రాని ఆడవాళ్ళు సోలారు దీపాలు తయారు చేయడం, బాగు చేయడం నేర్చుకున్నారు. ఐటీఐ చదివిన మన పిల్లోళ్ళు నేర్చుకోలేరా? పలక తుడిచే పని మనది, రిపేరు చేసే పని ఇంకొకరిది అంటే అది పాత వర్ణ వ్యవస్థే, కొత్త పలక మీద.

అక్కలారా, అన్నలారా! ఈ పక్షం రోజుల్లో ప్రతి వాడలో ఒక రాత్రి కూర్చోండి. ఎవరికి డీకేటీ పట్టా ఉంది, ఎవరు పట్టా లేకుండా సాగు చేస్తున్నారు, ఎవరి సర్వే నంబరు ఏమిటి, సబ్‌స్టేషను ఎంత దూరం, ఎవరి కప్పు గట్టిది, ఎవరి మీటరు ఎవరి పేరున ఉంది - ఒక నోటు పుస్తకంలో రాయండి. కాగితం తెలుగులో ఇచ్చేదాకా ఎవరూ వేలిముద్ర వెయ్యొద్దు. సాగుదారుకు పట్టా ఇచ్చేదాకా ఆ భూమిలో దిమ్మె పాతనివ్వొద్దు. అమ్మొద్దు. లీజు తప్పకపోతే గుంపుగా మాట్లాడండి, లాభంలో వాటా రాయించండి, చివర్లో దిమ్మెలు పీకేది ఎవరో రాయించండి. గ్రామసభలో, అర్జీలో, మండలాఫీసులో ఒకే మాట చెప్పండి: మా భూమి, మా కప్పు, మా సంఘం, మా మీటరు.

జై భీమ్.